మిద్దె మీద 108 చుట్లు: కరోనా కాలంలో గర్భిణులు, కదలిక, నింద

2020 జూన్ 21, ఆదివారం. తిరుపతిలో కడుపుతో ఉన్న ఆడపిల్లలకు ఆ పొద్దున రెండు ఆదేశాలు ఒకేసారి అందాయి. ఆ రోజు అంతర్జాతీయ యోగా దినం. కరోనా వల్ల మైదానాల్లో చాపలు పరిచే వీల్లేక ఆ ఏటి నినాదమే "ఇంట్లోనే యోగా, కుటుంబంతో యోగా" అయింది. అదే రోజు సూర్యగ్రహణం. ఉదయం పది దాటాక పట్టింది, మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక విడిచింది. టీవీ చాప పరుచుకోమంది, అత్త మంచం దిగొద్దంది. "గ్రహణం విడిచేదాకా మెదలొద్దు పాపా, కత్తిపీట జోలికి పోవద్దు, గోరు కూడా గిల్లుకోవద్దు" అన్న మాట వినపడని ఇళ్లు ఈ జిల్లాలో తక్కువే. గ్రహణం రోజున కూడా తలుపులు మూయని శ్రీకాళహస్తి గుడి ఇక్కడికి నలభై కిలోమీటర్లు ఉండదు. ఆ గుడి ధైర్యం మాత్రం చుట్టుపక్కల ఇళ్లదాకా రాలేదు.

యోగాకూ గ్రహణానికీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో అందరికీ తెలుసు. ఎందుకు గెలుస్తుందన్నది అంత తేలిగ్గా తెగదు. మూఢనమ్మకం అనేసి ఊరుకుంటే లెక్క కుదరదు, ఎందుకంటే ఆ ఏడాది పంచాంగం ముట్టని ఇళ్లలో, ఇంజనీర్లూ బ్యాంకు ఉద్యోగులూ ఉన్న ఇళ్లలో కూడా గర్భిణి మంచానికే అతుక్కుపోయింది. అక్కడ పంచాంగం బదులు ప్రభుత్వ ఉత్తర్వు పనిచేసింది. 2020 మేలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన లాక్‌డౌన్ మార్గదర్శకాల్లో ఒక వాక్యం ఉంది: 65 ఏళ్లు దాటినవాళ్లు, ఇతర జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు అత్యవసరమైతేనో వైద్యం కోసమో తప్ప ఇల్లు దాటకూడదు. వైరస్ సంగతి అప్పటికింకా సరిగ్గా తెలియదు కాబట్టి ఆ జాగ్రత్త సబబే. అయితే ఆ వాక్యం మనిషి ఎక్కడ ఉండాలో చెప్పింది గానీ ఎలా ఉండాలో చెప్పలేదు. చెప్పని భాగాన్ని ఇంటి పెద్దలు నింపుకున్నారు. ఇల్లు దాటొద్దన్న మాట గది దాటొద్దుగా, గది దాటొద్దన్నది మంచం దిగొద్దుగా మారడానికి వారం కూడా పట్టలేదు.

ఇదే కాలంలో బ్రిటన్ ఏం చేసిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ 2020 మార్చి 16నే గర్భిణులను జాగ్రత్తగా ఉండాల్సినవాళ్ల జాబితాలో చేర్చారు. వారం తిరిగేసరికి లాక్‌డౌన్ పెట్టినప్పుడు, రోజుకొకసారి వ్యాయామానికి బయటికి వెళ్లొచ్చని అందరికీ మినహాయింపు ఇచ్చారు. కూరగాయలు, మందులు, నడక, ఈ మూడూ అవసరాలేనని ప్రభుత్వమే చెప్పినట్టయింది. మన మార్చి 25 లాక్‌డౌన్‌లో పాలకూ మందులకూ తలుపు తెరిచారు, నడకకు తెరవలేదు. ఏప్రిల్‌లో కొచ్చిలో మార్నింగ్ వాక్‌కు వచ్చినవాళ్లను పోలీసులు అరెస్టు చేశారు కూడా. నడక ఒక విలాసం, తీరిక ఉన్నవాళ్ల సరదా అన్న మన పాత అభిప్రాయానికి చట్టం ముద్ర పడింది. ఎస్వీ యూనివర్సిటీ చెట్ల కింద పొద్దున్నే నడిచే అలవాటున్న తిరుపతిలో ఆ ముద్ర గట్టిగానే పడింది.

అసలు మన ఇళ్లలో గర్భిణి కదలిక మీద నిషేధమే ఉందనుకుంటే అదీ తప్పు. ఒక నెలల పట్టిక ఉంది. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి మూడో నెల నిండేదాకా మెట్లెక్కొద్దు, బిందె ఎత్తొద్దు, ఆటో ఎక్కొద్దు. అయిదో నెల దాటితే కొండెక్కకూడదన్నది ఇంకో మాట. కొండ కిందే కాపురాలున్న ఊళ్లో దాన్ని పాటించేవాళ్లు పాటిస్తారు, లేనివాళ్లు వెంకన్నకు చెప్పుకుని వెళ్లొస్తారు. ఏడో నెలలో సీమంతం, పుట్టింటికి ప్రయాణం. తొమ్మిదో నెల రాగానే అదే పెద్దలు పూర్తిగా ఎదురుమాట అందుకుంటారు: "నడువు మే, కూర్చోవద్దు, వంగి కసువు చిమ్ము, కాన్పు సులువవుతుంది." మొదట్లో గాజుబొమ్మలా చూసిన మనిషికి చివర్లో చీపురు చేతికిస్తారు. కొండ, ప్రయాణం సంగతి తప్ప, నాలుగో నెల నుంచి ఎనిమిదో నెలదాకా రోజువారీ కదలిక గురించి ఎవరూ ఏమీ చెప్పరు. వేవిళ్లు తగ్గి, పొట్ట ఇంకా బరువెక్కక, నడవడానికి ఒళ్లు బాగా సహకరించే నెలలు అవే. మధుమేహానికి చక్కెర పరీక్ష చేసేదీ ఆ నెలల్లోనే.

మాటల్లో కూడా ఇలాంటి తిరకాసు ఉంది. "వ్యాయామం" అంటే తాలింఖానాలో కండలు పెంచేది. "ఎక్సర్‌సైజ్" అంటే సన్నబడాలనుకునేవాళ్లు చేసేది. కడుపుతో ఉన్న మనిషి సన్నబడాలనుకోవడమా అని ఆశ్చర్యం. "పని" అంటే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు, "ప్రదక్షిణ" అంటే అసలే లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ నెమ్మదిగా పదకొండు చుట్లు తిరిగితే పుణ్యం. ఆ చుట్లే పార్కులో ట్రాక్ మీద తిరిగితే "ఈ టైమ్‌లో ఎందుకమ్మా ఇదంతా" అంటారు. కాళ్లకు తేడా తెలియదు, చూసేవాళ్లకే తెలుస్తుంది.

గుళ్లు మూతపడ్డాక ఆ దారి కూడా పోయింది. తిరుమలలో దర్శనాలు మార్చి 20 నుంచి ఆగిపోయి జూన్‌లో గానీ మళ్లీ మొదలు కాలేదు. జులై రెండో సగంలో తిరుపతిలో కేసులు పెరిగి ఊరికి మళ్లీ లాక్‌డౌన్ పడింది. మిగిలింది మిద్దె. కరోనా కాలంలో గర్భిణుల వ్యాయామ చరిత్ర అంటూ ఈ ఊరికి ఒకటి ఉంటే అది మిద్దెల మీదే జరిగింది. ఒక మామూలు ఇంటి మిద్దె తీసుకుందాం, 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. పిట్టగోడ పక్కగా ఒక చుట్టు తిరిగితే 120 అడుగులు. అరగంట మామూలు నడకకు రెండు కిలోమీటర్లనుకుంటే దాదాపు 55 చుట్లు. ఎండ దిగాక సాయంత్రం ఆరింటికి, వడియాలు ఆరేసిన చీర ఓ పక్కకు జరిపి, నీళ్ల ట్యాంకు పైపు తగలకుండా చూసుకుంటూ తిరగాలి. లెక్క తప్పకుండా పిట్టగోడ మీద చింతపిక్కలు పేర్చి చుట్టుకొకటి పక్కకు జరపడం ప్రదక్షిణల నుంచి వచ్చిన అలవాటు. 108 పూర్తి చేస్తే దగ్గరదగ్గర నాలుగు కిలోమీటర్లు. పేరు ప్రదక్షిణే అయినా ఏ పుస్తకం లెక్కన చూసినా అది మంచి వ్యాయామం. మేలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేళ ఎంచుకోవడమే అందులో కష్టమైన భాగం. గర్భిణి ఒళ్లు మరీ వేడెక్కకూడదు, చెంబెడు నీళ్లు పక్కనే ఉండాలి.

మిద్దె మీద తిరగడం కూడా ఎదురింటివాళ్ల కళ్లు దాటుకునే జరగాలి. ఎవరైనా చూస్తారేమోనన్న భయం వెనక ఇంకో భయం ఉంది. ఈ మొత్తం వ్యవహారానికి మూలం అదే: ఏదైనా జరిగితే ఎవరిని అంటారు?

మొదటి మూడు నెలల్లో గర్భం పోతే మన ఇళ్లలో మొట్టమొదట అడిగేది "ఆ రోజు ఏం చేశావు?" అని. మెట్లెక్కింది, బట్టలు పిండింది, స్కూటీ మీద వెళ్లింది, ఏదో ఒకటి దొరుకుతుంది, ఎందుకంటే ప్రతి మనిషీ ప్రతి రోజూ ఏదో ఒకటి చేస్తుంది. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. మెట్లకూ వాటికీ సంబంధం లేదు. "గ్రహణమొర్రి" అన్న మాటే చూడండి. బిడ్డ పెదవి చీలి పుడితే ఆ నింద తల్లి గ్రహణం రోజున కదలడం మీదికి పోయేలా భాషలోనే అమరిపోయింది. పై పెదవి కలిసేది నాలుగు, ఏడు వారాల మధ్య. అంటే చాలామందికి నెల తప్పిందో లేదో తేలేసరికే ఆ పని సగం జరిగిపోతుంది. ఏడో నెల కడుపుతో గ్రహణం పొడుగునా వెల్లకిలా పడుకున్న మనిషి కాపాడుతున్నది ఎప్పుడో తయారైపోయిన పెదవిని. పైగా సగం నెలలు దాటాక గంటల తరబడి వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. ఒక పక్కకు తిరిగి పడుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే.

దీనికి రెండో వైపు చూస్తే నింద అసలు కనిపించదు. తొమ్మిది నెలలూ మంచం మీదే ఉన్న మనిషికి చక్కెర పెరిగితే "వాళ్లమ్మకూ ఉంది" అంటారు. బీపీ పెరిగితే టెన్షన్ అంటారు. కాళ్లలో రక్తం గడ్డకడితే విధి అంటారు. "నడవనిచ్చి ఉంటే బాగుండేది" అని అత్తను తప్పుపట్టినవాళ్లు ఉన్నారేమో గానీ ఆ మాట ఎప్పుడూ బయటికి రాదు. కదిలితే నింద ఉంది, కదలకపోతే లేదు. ఇలాంటి ఏర్పాటులో తెలివిగల ఏ కోడలైనా మంచమే ఎంచుకుంటుంది. ఇది అజ్ఞానం కాదు, ఆమెవరకు సరైన లెక్కే. కరోనా వచ్చాక ఆ లెక్కలో ఇంకో గీత పడింది. గడప దాటి జబ్బు తెచ్చుకుంటే తనతో పాటు కడుపులో బిడ్డ, ఇంట్లో షుగర్ ఉన్న మామ, అందరి పాపమూ ఆమె ఖాతాలోకే.

వైద్యం కూడా మొదటి నుంచీ ధైర్యంగా ఏమీ లేదు. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఇచ్చిన సలహాల్లో, గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదనీ, శ్రమ ఎక్కువుండే వ్యాయామం పావుగంట దాటకూడదనీ ఉంది. 1994లో ఆ 140 గీతను తీసేశారు. 2019లో కెనడా మార్గదర్శకాలు వారానికి కనీసం 150 నిమిషాలు కదలమన్నాయి. వాటి వెనక ఉన్న పరిశోధనల ప్రకారం వ్యాయామం చేసేవాళ్లలో గర్భకాల మధుమేహం, బీపీ, గుర్రపువాతం (ప్రీఎక్లాంప్సియా, బీపీ పెరిగి మూర్ఛదాకా పోగల జబ్బు) వచ్చే అవకాశం దాదాపు 40 శాతం తక్కువ. అమెరికా సంఘం అదే 150 నిమిషాల మాటను తాజా చేసి 2020 ఏప్రిల్‌లో అచ్చేసింది. సరిగ్గా మనవాళ్లు తలుపులు బిగించుకున్న నెల అది. అదే ఏడాది నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో గర్భిణులకు, బాలింతలకు తొలిసారి విడిగా చోటిచ్చి మళ్లీ 150 నిమిషాలే చెప్పింది. లెక్కేస్తే వారానికి అయిదు రోజులు అరగంట నడక, అంటే ఆ 55 చుట్లే. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. ఇంతకన్నా పెద్ద కొలమానం అక్కర్లేదు.

ప్రపంచం కదలమన్న ఏడాదే మన గర్భిణులు ఎక్కువగా కదలకుండా ఉన్నారన్నది ఇందులో వింత. ఆ ఏడాదే కదలిక అవసరం ఎక్కువైంది కూడా. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు మనిషికన్నా నాలుగైదు రెట్లు. కరోనా కూడా రక్తాన్ని గడ్డకట్టించే జబ్బే. ఈ రెండింటికీ మంచం తోడైతే ఏమవుతుందో చెప్పాల్సిన చోటు ఆస్పత్రి ఓపీ. ఆ ఓపీల్లో కూడా చెకప్‌లు తగ్గి, ఫోన్ సలహాలు పెరిగాయి. రాష్ట్రంలో 14410 నంబరుతో టెలిమెడిసిన్ 2020 ఏప్రిల్‌లోనే మొదలైంది. ఫోన్‌లో రక్తస్రావం గురించి అడుగుతారు, జ్వరం గురించి అడుగుతారు. "రోజూ ఎంతసేపు నడుస్తున్నావమ్మా" అన్న ప్రశ్నకు మామూలు రోజుల్లోనే సమయం ఉండదు. ఐరన్, కాల్షియం, ఫోలిక్ యాసిడ్ చీటీ మీద ఉంటాయి కాబట్టి ఇంట్లో అందరూ చూస్తారు. నడక నోటిమాటగా చెప్పేది, ఆటో ఎక్కేలోపే మరుపుకొస్తుంది. చీటీ మీద రాసి ఉంటే అత్త ముందు పెట్టడానికి కోడలికి ఒక కాగితమైనా ఉండేది.

ఇదంతా మిద్దె ఉన్న ఇళ్ల కథ. చిత్తూరు పల్లెల్లో ఆవుల కింద పేడ తీసి, గడ్డిమోపు ఎత్తి, పాలకేంద్రానికి క్యాన్ మోసే ఆడమనిషికి ఎవరూ విశ్రాంతి తీసుకోమని చెప్పలేదు. 2020 ఏప్రిల్ 20 తర్వాత ఉపాధి హామీ పనులు మొదలయ్యాయి. పూట గడవని ఇంటి గర్భిణికి హోంశాఖ వాక్యం ఎంతవరకు చేరి ఉంటుంది? ఆ మేలోనే నిండు చూలాళ్లు వందల కిలోమీటర్లు హైవేల మీద నడుచుకుంటూ సొంతూళ్లకు పోవడం దేశమంతా టీవీల్లో చూసింది. దారిలో కాన్పై, లేచి మళ్లీ నడిచిన తల్లి వార్త కూడా వచ్చింది. వాళ్లను చూపించి "చూడు, వాళ్లు నడవలేదా, ఏమైంది" అన్నవాళ్లున్నారు. అంతకన్నా మొరటు వాదన లేదు. తన వీలును బట్టి, అలసటొస్తే ఆగగలిగి, నీళ్లు తాగి చేసేది వ్యాయామం. ఆగే వీల్లేనిది చాకిరీ. బరువులెత్తడం, గంటల తరబడి నిలబడటం ఒంటికి వ్యాయామం ఇచ్చే మేలు ఇవ్వవు. ఊళ్లో ఇళ్లలోనూ ఇది జరిగింది. పనిమనిషి రావడం మానేసింది, మగవాళ్లు ఇంటి నుంచే పని, పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు, పూటకో టిఫిన్. "మా కోడలు అసలు కదలదు" అని బంధువులకు ఫోన్‌లో చెప్పే ఇంట్లోనే ఆ కోడలు స్టవ్ ముందు నాలుగు గంటలు నిలబడి ఉంటుంది. కాళ్లకు నీరు దిగితే అది నడకకు లెక్కేస్తారు.

ఇంకో తప్పు దీనికి ఎదురు దిక్కున జరిగింది. ఆస్పత్రికి పోలేక ఫోన్ తెరిచినవాళ్లకు యూట్యూబ్ కనిపించింది. "నార్మల్ డెలివరీ కావాలంటే ఇలా చేయండి" అని బాతు నడకలు, లోతుగా గొంతు కూర్చుని లేవడాలు. రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 42 శాతం ఆపరేషన్లే కాబట్టి, ఆ భయం మీద అమ్ముడుపోయే వీడియోలకు కొదవ లేదు. వ్యాయామం వల్ల ఆపరేషన్ అవసరం కొంత తగ్గొచ్చు గానీ, బిడ్డ అడ్డం తిరిగి ఉంటే ఎన్ని బాతు నడకలు నడిచినా లాభం లేదు. మాయ కిందికి ఉన్నవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు, రక్తస్రావం ఆగనివాళ్లు, ఉమ్మనీరు పోతున్నవాళ్లు, గుర్రపువాతం ఉన్నవాళ్లు ఆ వీడియోల జోలికి పోకూడదు. హిమోగ్లోబిన్ ఏడు కన్నా తగ్గినవాళ్లకు ముందు రక్తం సంగతి చూడాలి. అదే సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని తేలింది కాబట్టి ఇది ఎక్కడో ఒకరికి వర్తించే మాట కాదు. ఇదంతా స్కానింగ్ రిపోర్టూ రక్తపరీక్షా చూసి చెప్పాలి. ఫోన్‌లోని టీచరు ఎవరి రిపోర్టూ చూడదు.

పోతే, "రిస్క్ ఎందుకు, బెడ్‌రెస్ట్ తీసుకో" అన్నది డాక్టర్ల నోట కూడా సులువుగా వచ్చే మాటే. మంచం పట్టించడం వల్ల గర్భం నిలుస్తుందనో, నెలలు నిండకుండా కాన్పు కావడం ఆగుతుందనో గట్టి ఆధారాలు లేవు. అయినా ఆ సలహా పోదు. ఇక్కడా నింద లెక్కే. పడుకోమని చెప్పిన డాక్టర్‌ను ఎవరూ తప్పుపట్టరు.

రెండో వేవ్ నాటికి ఈ చర్చకు చోటే లేకుండా పోయింది. 2021 మేలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. పొద్దున నడవడానికి వీలున్నా నడిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆక్సిజన్ మాట తప్ప వేరే మాట వినపడని నెల అది. అప్పుడు నడక ఇంకో రూపంలో ఇళ్లలోకి వచ్చింది. వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుని ఆరు నిమిషాలు గదిలో అటూ ఇటూ నడిచి, అంకె పడిపోతుందేమో చూసుకోవడం. గర్భిణికి ఆ అంకె 95కు తగ్గకూడదు. ఏడాదిగా నడవొద్దన్న ఇళ్లే ఆ ఆరు నిమిషాలు గడియారం పట్టుకుని నడిపించాయి. గర్భిణులకు టీకా వేయొచ్చని కేంద్రం చెప్పింది జులై 2న. టీకా మీద కూడా అవే ప్రశ్నలు: ఏమైనా అయితే ఎవరు బాధ్యులు? టీకా వేయించుకోకుండా జబ్బు పడితే ఎవరు బాధ్యులన్న ప్రశ్న ఇక్కడా ఎవరూ వేయలేదు.

2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు, సాయంత్రం పూట మళ్లీ సూర్యగ్రహణం పట్టింది. అప్పటికి మాస్కులు పోయాయి, కొండ మీద క్యూలైన్లు నిండాయి, యూనివర్సిటీలో పొద్దున నడిచేవాళ్లు మామూలుగా నడుస్తున్నారు, హోంశాఖ వాక్యం ఎవరికీ గుర్తు లేదు. తిరుపతి ఇళ్లలో మాత్రం మిద్దె తలుపు గడియ వేసి, కడుపుతో ఉన్న పిల్లను గదిలోకి పంపి, మంచం దిగొద్దు పాపా అన్నారు. మిద్దె మీద ఆ సాయంత్రపు చుట్లు ఆగిపోయాయి.